తెల్లకొంగకి వారగా ఎండ

మా రాజోలు తాలూకాలో పెళ్ళయిన ఏ జంట ఫొటో అయినా తీసి చూడండి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరూ కళ్ళు చికిలించుకుని, మొహాలు ముడుచుకుని, పుల్ల చింతకాయ కొరికినవాళ్ళలా ఉంటారు. వాళ్ళకి పెళ్ళి ఇష్టం లేక కాదు. అది మా బాబయ్య జీవరత్నం గారు తీసిన ఫొటో, అంతే.

బాబయ్యకి ఫొటోగ్రఫీలో సూత్రం ఒకటే. ఎండ తీసేవాడి వీపుకి తగలాలి, తీయించుకునేవాళ్ళ కళ్ళల్లో పడాలి. ఈ సంగతి ఆయనకి ఆయన గురువుగారు చెప్పేరంట. ఆ గురువుగారికి ఎవరో దొర చెప్పేడంట. ఆ దొర ఊళ్ళో ఎండెంతుంటుందో, మన ఊళ్ళో ఎండెంతుంటుందో అడిగిన నాథుడు లేడు. ముప్ఫయ్యేళ్ళుగా బాబయ్య వీపు కాల్చుకుంటున్నారు, జనం కళ్ళు కాల్చుకుంటున్నారు.

నేను ఆ స్టూడియోలో ఎలా పడ్డానంటే, కాకినాడ లేడీస్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లమో చేసి, టెలిఫోన్స్‌లో ఉద్యోగానికి పరీక్ష రాసి, పిలుపు కోసం ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టు ఉంచరు కదా. ముందు వీధిలో రేడియోలన్నీ నా దగ్గరికొచ్చేయి. తరవాత ఇస్త్రీపెట్టెలు. చివరికి ఓ పెద్దావిడ గోడగడియారం చంకలో పెట్టుకొచ్చి, ఇది రోజంతా బానే తిరిగి సరిగ్గా ప్రార్థన టయానికి ఆగిపోతోందమ్మా, నీ చదువులో దీనికేమన్నా ఉందా అని అడిగింది. ఆ బాధ పడలేక బాబయ్య స్టూడియోలో డార్క్‌రూంలో దూరిపోయేను. వెలుతురు తగిలితే ఫిల్మ్ పాడైపోతుందని చెప్పి తలుపేసేసుకోవచ్చు. ఆడపిల్లకి ఇంతకన్నా మంచి వంక ఇంకోటి లేదు.

ఫిల్ములు కడగడం నేనే, ప్రింట్లు తియ్యడం నేనే. కెమెరా షట్టరు బిగుసుకుపోతే విప్పి నూనె చుక్క వేసేది కూడా నేనే. కానీ ఆ కెమెరా, రెండు కళ్ళ కెమెరా, పైనించి తల వంచి చూడాలే, అది మెళ్ళో వేసుకుని బయటికి వెళ్ళడం మాత్రం నాకు లేదు. ఆడపిల్ల కెమెరా పట్టుకుని పెళ్ళిలో తిరిగితే జనం పెళ్ళికూతుర్ని మానేసి దాన్నే చూస్తారని బాబయ్య అన్నేరు. పెళ్ళికూతురికి కాస్త కళ్ళు తెరుచుకునే వీలు దొరుకుతుంది కదా అని నేనన్నాను. ఆ రోజు నాకు కాఫీ రాలేదు.

అయితే నాకో గడువుంది. ఆరో క్లాసు నించీ నా పక్కన కూర్చున్న విజయకుమారికి ఆగస్టులో పెళ్ళి, మా చర్చిలోనే. దానికి పెద్ద పెద్ద కళ్ళు, దాని ఆస్తంతా అదే. "నా పెళ్ళి ఫొటోలు నువ్వే తియ్యాలే సువర్ణా, మీ బాబయ్య గారి చేతిలో పడితే నాకు కళ్ళున్నట్టు మా అత్తారింట్లో సాక్ష్యం ఉండదు" అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నేను మాటిచ్చేసేను. కెమెరా లేకుండా మాటివ్వడం నాకు అలవాటే.

జూలై మొదటి వారంలో మండపేట నించి సుబ్బరాజు గారు అంబాసిడర్లో దిగేరు. ఆయనకి రైసుమిల్లు ఉంది, కొంగమార్కు బియ్యం వాళ్ళవే. ఎనభయ్యో సంవత్సరం క్యాలెండరు శివకాశిలో వేయిస్తున్నారు, దాని మీద కొంగ ఫొటో కావాలి, మనం నలుపూ తెలుపూ ఇస్తే రంగులు అక్కడే అద్దుకుంటారంట. కిందటేడు మద్రాసులో ఎవరికో చెప్తే, పొడుగు కాళ్ళ గులాబిరంగు పక్షి ఫొటో ఏదో పంపించేడంట. ఆ క్యాలెండరు చూసిన షావుకార్లందరూ ఏవండీ రాజుగారూ, ఈ ఏడు బియ్యం ఎర్రగా వస్తాయా అని అడిగేరంట. అందుకని ఈసారి మన గోదారి కొంగే కావాలన్నారు.

"తెల్లగా ఉండాలండి జీవరత్నం గారూ. ఈక ఈకా కనపడాలండి. రెండూ ఉండాలండి."

"ఆయ్, తప్పకుండానండి" అన్నేరు బాబయ్య.

ఆ మర్నాడే పదకొండింటికి కాలవ అవతల పొలంలోకెళ్ళి, ఎండ వీపుకి కొట్టేలా నిలబడి రోలంతా తీసుకొచ్చేరు. నేను కడిగి ప్రింట్లు తీసేను. నల్లటి బురదలో ఎవరో సున్నం బకెట్టుతో తూలి పడినట్టుంది. మచ్చకో ముక్కుంది కాబట్టి కొంగలని తెలుస్తోంది. ఎండ ఎదురుగా తిన్నగా పడితే ఈకకీ ఈకకీ మధ్య నీడన్నది ఉండదు. పైగా బాబయ్య బురదంతా బాగా కనపడాలని వెలుతురు ఎక్కువ పోనిచ్చేరు. బురద బాగా వచ్చింది. కొంగ మాడిపోయింది. నలుపు మాడితే మనకి తెలుస్తుంది, తెలుపు మాడటం ఫొటోలోనే చూస్తాం.

బాబయ్య అధైర్యపడలేదు. పెన్సిలు చెక్కుకుని, మచ్చ మీద ఈకలు గీసేరు. పెళ్ళికూతుళ్ళకి కనుబొమ్మలు గీసిన చెయ్యి కదా, ఈకలన్నీ కనుబొమ్మల్లా వచ్చేయి.

సుబ్బరాజు గారు ఆ ప్రింటుని దగ్గరగా పెట్టి చూసేరు, దూరంగా పెట్టి చూసేరు. తరవాత ఎంతో మర్యాదగా అడిగేరు.

"ఏవీ అనుకోకండి జీవరత్నం గారూ. ఇది కొంగాండీ, గుమ్మడి వడియమాండీ?"

మా వైపు తిట్టడం కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టే తిడతారు. సోమవారం శివకాశికి పంపించాలని, శనివారం వస్తానని, అప్పటికీ కుదరకపోతే రాజమండ్రిలో ఎవరో ఉన్నారని, అలా అని మీరు మనసు కష్టపెట్టుకోకూడదని, మజ్జిగ తాగి మరీ చెప్పి వెళ్ళేరు.

బాబయ్య ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని తినలేదు. ఎలీసమ్మ పిన్ని పప్పు వేసింది, నెయ్యి వేసింది, ఆయన దాన్ని అలా చూస్తూ కూర్చున్నారు. నాకు జాలేసింది. జాలేసినప్పుడే అడగాలనీ తోచింది.

"బాబయ్యా, తెల్లది తెల్లగా కనపడాలంటే దాని మీద కాస్త నీడ ఉండాలండి. ఎండ పక్కనించి రావాలి" అన్నాను.

"తిండి తిననివ్వవా" అన్నేరు, తినకుండా.

అప్పుడు నా బేరం పెట్టేను. రోలులో పన్నెండు ఫొటోలు. ఆరు ఆయన సూత్రం ప్రకారం ఆయన తీస్తారు, ఆరు నేను తీస్తాను. రాజుగారు నాది తీసుకుంటే విజయకుమారి పెళ్ళికి కెమెరా నా మెళ్ళో ఉంటుంది. ఆయనది తీసుకుంటే, టెలిఫోన్స్ నించి పిలుపొచ్చేదాకా కెమెరా మాటే ఎత్తను. ఎత్తననే మాట విని పిన్నికి నవ్వొచ్చింది. బాబయ్యకి మాత్రం అది బాగా నచ్చినట్టుంది. ముద్ద కలిపేరు.

కొంగ ఎక్కడ దొరుకుతుందన్నది పిన్నే చెప్పింది. ఆవిడకి చేపలు తెచ్చే అమ్మాజీది దిండి. అమ్మాజీ మొగుడు వెంకన్నకి పడవుంది, రేవు పక్కన అరెకరం పొలముంది, వాటితో పాటు ఓ పెంపుడు కొంగ కూడా ఉంది. గాలివానకి గూట్లోంచి పడిపోతే పిల్లప్పుడు తెచ్చి చిరుచేపలు పెట్టి పెంచేరంట. అది చేతులు వెనక్కి కట్టుకున్నట్టు వాకిట్లో పచార్లు చేస్తుంది కాబట్టి దాని పేరు మేష్టారు. మా నాన్న మలికిపురంలో మేష్టారే. నేను దాన్ని చూడగానే నమస్కారం పెట్టబోయేను, అంత పోలికలున్నాయి.

గురువారం పదింటికి ముగ్గురం దిండిలో దిగేం. మేష్టారు బాతుల మధ్య బురదలో పొర్లి, పాత దిండుగలీబు రంగులో ఉంది. ఇక్కడే మా పిన్నిలోని కళాకారిణి నిద్రలేచింది.

మీకు తెలీదేమో, మా పిన్ని తెల్లచీరకి మా సంఘంలో పెద్ద పేరు. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళందరూ తెల్లచీరల్లోనే వస్తారు గాని, ఆవిడ పక్కన కూర్చుంటే మిగతావాళ్ళవి కాఫీ వడకట్టిన గుడ్డల్లా ఉంటాయి. దానికి ఆవిడ కొలత ఒకటుంది, ఎన్ని చుక్కల నీలిమందు, ఎన్ని చెంబుల నీళ్ళు అని. కన్నకూతురికి కూడా చెప్పలేదు.

"ఈ మురికి మొహంతో క్యాలెండరెక్కుతావా నాన్నా" అని మేష్టార్ని అడిగి, అమ్మాజీ చేత బేసిను, సబ్బు, నీలిమందు తెప్పించింది. నేను వద్దన్నాను. పక్షికి నీలిమందేంటి పిన్నీ అన్నాను. మీ బాబయ్య పంచెకి వేస్తున్నా కదా, ఆయనేమన్నా అయ్యేరా అంది.

తరవాత జరిగింది నేను వరసగా చెప్పలేను, ఎందుకంటే నేను గట్టు మీద కూలబడి నవ్వుతున్నాను. పిన్ని మేష్టారి కాళ్ళు రెండూ ఓ చేత్తో పట్టుకుని, పసిపిల్లాడికి పోసినట్టు అయిపోయింది అయిపోయింది అంటూ ముంచుతోంది. అది ఆవిడ గాజు పట్టుకుని వదల్లేదు. ఒక రెక్క విప్పితే అమ్మాజీ తడిసింది, రెండో రెక్క విప్పితే బాబయ్య పంచె మీద గుండ్రటి నీలం చుక్కలు పడ్డాయి. బాతులు ఒడ్డున వరసగా నిలబడి చూసేయి. చివరికి బేసినులోంచి బయటికొచ్చిన మేష్టారు లేత ఆకాశం రంగులో ఉంది.

వెంకన్న చాలాసేపు చూసి, తువ్వాలుతో మూతి కప్పుకుని, "అమ్మగారండీ, ఇంకో ముంపు ముంచితే ఇది నెమలయిపోతాదండి" అన్నాడు.

ఫిల్ముకి నీలం తెల్లగానే కనిపిస్తుందని, ఇప్పుడు ఇది ఇంకా తెల్లటి మచ్చలా వస్తుందని బాబయ్యకి చెప్పి చూసేను. మంచిదే కదా అన్నేరు. తెలుపుకి మనకి లోటు లేదండి, లోటల్లా ఈకలకేనండి అన్నాను. వినలేదు. మేష్టార్ని ఎండకి ఎదురుగా నిలబెట్టి, తన వీపుకి ఎండ తగిలేలా సర్దుకుని, కెమెరాలోకి తల వంచేరు. మేష్టారు ఓ కన్ను చికిలించింది, రెండో కన్ను కూడా చికిలించింది. మా బాబయ్య ముందు ఎవరైనా అంతే.

ఆయన ఆరూ తీసేసేరు. బస్సులో తిరిగొస్తున్నప్పుడు హాయిగా పాట పాడుకున్నారు, పంచె మీద చుక్కలతో.

శుక్రవారం నా వంతు. మొదటి బస్సుకి ముగ్గురం మళ్ళీ దిండి వెళ్ళేసరికి ఆకాశం సగం మబ్బు. నాకు పెంపుడు కొంగ అక్కర్లేదు. వెంకన్న ఆ రోజు పొలంలో నీళ్ళు నిలగట్టి దమ్ము చేస్తున్నాడు. నాగలి బురదని తిరగేస్తుంటే పురుగులొస్తాయి, పురుగుల కోసం కొంగలొస్తాయి, ఒకటీ రెండూ కాదు, ముప్ఫయ్యో నలభయ్యో, నాగలి వెనకాల ప్రసాదం పంచుతున్నట్టు తోసుకుంటూ. అవతల గట్టున కొబ్బరితోట ఇంకా చీకట్లోనే ఉంది. నాకు కావలసిందదే. వెనకాల నలుపు, పక్కనించి ఎండ, మధ్యలో తెలుపు. పొద్దు నా ఎడమ చేతి వైపు, కొంచెం ఎదురుగా పడేలా చూసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు బురదలోకి దిగేను.

గట్టు మీంచి బాబయ్య కేకేసేరు, అటు కాదే, ఇటు తిరుగు, ఎదురెండకి ఫిల్మ్ కాలిపోద్ది అని. ఎండ తిన్నగా అద్దంలో పడితే నిజంగానే పొగ కమ్మినట్టవుతుంది, ఆయన చెప్పింది తప్పేం కాదు. అందుకే పిన్నిని గొడుగుతో నా పక్కన నిలబెట్టేను, కెమెరా నెత్తిన నీడ పట్టడానికి. ఆవిడ నా కోసం వచ్చిందో ఆయన కోసం వచ్చిందో నాకు అప్పటికీ తెలీదు. తెల్లచీర మాత్రం కట్టుకు రాలేదు.

ఇంత లెక్క చూసుకున్నానా, వెంకన్నని లెక్కలో వేసుకోలేదు. మా వైపు కెమెరా చూస్తే మనిషి ఆగిపోతాడు. అది మర్యాద. తినేవాడు చెయ్యి కడుక్కుంటాడు, ఏడ్చేవాడు కళ్ళు తుడుచుకుంటాడు. నేను కెమెరా ఎత్తేసరికి వెంకన్న ఎడ్లని ఆపి, తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, భుజం మీద మడతేసుకుని, జెండా కర్రలా నిటారుగా నిలబడిపోయేడు. నాగలి ఆగింది. పురుగులు ఆగేయి. కొంగలన్నీ లేచి చక్కాపోయేయి. నా చెయ్యి అప్పటికే నొక్కేసింది. మొదటి ఫొటోలో ఖాళీ బురద, మధ్యలో వెంకన్న.

నిలబడద్దండి, దున్నుకోండి అని చెప్పేను. ఆయ్ అన్నాడు. దున్నుతూ దున్నుతూ, సరిగ్గా కొంగలు దగ్గరకొచ్చేసరికి ఇటు తిరిగి ముప్ఫయ్ రెండు పళ్ళతో నవ్వేడు. రెండోది అయిపోయింది. మూడోది నొక్కేటప్పటికి పొద్దు మీదకి మబ్బొచ్చింది. నాలుగోదానికి పిన్నికి తుమ్మొచ్చి గొడుగు అడ్డంగా వాలింది.

ఇంక రెండున్నాయి. మబ్బు కదలదు. నాకు విజయకుమారి కళ్ళు గుర్తొచ్చేయి, దాని అత్తారింటి గోడ గుర్తొచ్చింది. ఆ గోడ మీద దాని ఫొటో, అందులో రెండు గీతలు.

అప్పుడో ఉపాయం తట్టింది.

"వెంకన్న గారూ, నేను మిమ్మల్ని తియ్యట్లేదండి. ఆ ఎడమపక్క ఎద్దు బాగుంది, దాన్ని తీస్తున్నానండి" అన్నాను.

వెంకన్న మొహం చూడాలి. "దీన్నాండీ?" అన్నాడు. "ఉత్త దొంగ గొడ్డండి ఇది. బరువంతా కుడిపక్కదే లాగుతాదండి, ఇది ఊరికే నడుస్తాదండి, దీనికా ఫొటో?" అని, ఇంక ఆ ఎద్దు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి తిడుతూ, తోలడం మొదలెట్టేడు. నన్ను మర్చిపోయేడు. కెమెరాని మర్చిపోయేడు. ఎద్దుకి కూడా రోషమొచ్చిందో ఏవో, జోరందుకుంది. బురద అలలు అలలుగా లేచింది. కొంగలు తిరిగొచ్చేయి.

మబ్బు అంచు కింద సందులోంచి పొద్దు ఒక్కసారి జారింది. అలాంటి వెలుతురు నేను పాలిటెక్నిక్ పుస్తకాల్లో చదవలేదు. నేల మీద పాక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. ప్రతి కొంగకీ ఒక పక్క వెలిగింది, ఒక పక్క లేత నీడ పడింది. అప్పటిదాకా తెల్లకాగితాలైన పక్షులకి పొట్టలొచ్చేయి, మెడలొచ్చేయి, ఛాతీ మీద కుచ్చులొచ్చేయి. వెలుతురు పోయే కన్నం బాగా చిన్నది చేసేసేను. బురద ఎంత నల్లగా వచ్చినా నాకు పోయిందేం లేదు. నాగలి పక్కన ఒక కొంగ పురుగు కోసం ఎగిరి, రెక్కలు రెండూ పైకెత్తింది. రెక్కల గుండా ఎండ అవతలకి వచ్చింది, విసనకర్ర పుల్లల్లా ఈక ఈకా విడివిడిగా కనపడింది.

నొక్కేను.

అలవాటుగా ఫిల్ము తిప్పేసి, సంతోషం పట్టలేక ఎగరబోయేను. మోకాలి లోతు బురదలో ఎవరూ ఎగరకూడదు. కాలు రాలేదు, నేను వచ్చేసేను. కెమెరా నెత్తి మీదకెత్తి పట్టుకుని, బురదలో కూర్చుండిపోయేను. ఆ ఊపులో ఆరోది దానంతటదే పడింది. తరవాత కడిగి చూస్తే అందులో గొడుగు పుల్లలూ పిన్ని గడ్డం కిందిభాగమూ వచ్చేయి. ఫొటోగా చూస్తే ఆ గడ్డం మీద ఎండ వారగా పడి చాలా బాగుంది.

మధ్యాహ్నం డార్క్‌రూంలో ఇద్దరమే. ఎర్రబల్బు వెలుతురులో బాబయ్య నీలం కొంగలు ఆరూ ముందు తేలేయి. కాగితంలో కొంగ ఆకారంలో కన్నం పెట్టినట్టున్నాయి. పెన్సిలు పట్టుకునే చోటు కూడా లేదు. ఆయన వాటిని చూసి పక్కన పెట్టేరు. నా మొదటి నాలుగూ చూసి గొంతు సవరించుకున్నారు, ఆరోది చూసి ఇది మీ పిన్నికి చూపించకు అన్నేరు. అయిదోది ట్రేలో మెల్లిగా తేలింది. ముందు కొబ్బరితోట నలుపొచ్చింది, తరవాత ఎద్దు నడుమొచ్చింది, తరవాత రెక్కలొచ్చేయి. ఆయన వంగి, భూతద్దం పెట్టి, చాలాసేపు తల ఎత్తలేదు.

"కన్నం ఎంత స్టాప్ పెట్టేవు?"

చెప్పేను.

"ఎండ ఎటునించి?"

"ఎడంపక్క నించండి. కొంచెం ఎదురుగా."

ఆయన ఇంతవరకు నన్ను అడిగినవన్నీ టీ అయిందా, కరెంటొచ్చిందా లాంటివి. ఇవి మాత్రం ఒక ఫొటోగ్రాఫర్ ఇంకో ఫొటోగ్రాఫర్ని అడిగే ప్రశ్నలు. గెలిచేసేననుకున్నాను.

శనివారం పదింటికి సుబ్బరాజు గారొచ్చేరు. నా ప్రింటు చూసి ఆహా అన్నేరు, ఓహో అన్నేరు, ఎవరు తీసేరంటే బాబయ్య నన్ను చూపించేరు, మా అమ్మాయిలా ఉన్నావమ్మా అన్నేరు. అంతా అయ్యేక ఫొటో మీద వేలు పెట్టేరు.

"కానీ అమ్మా, కొంగకి ఈ పక్కన ఈ నలుపేంటమ్మా? బూడిద రాసినట్టుంది. క్యాలెండరు చూసినవాళ్ళు రాజుగారి బియ్యం మాసినట్టున్నాయంటారు కదా."

అని, బల్ల మీద పక్కన పడేసిన బాబయ్య నీలం కొంగని తీసేరు. "తెలుపంటే ఇదండీ జీవరత్నం గారూ. చూసేరా, మల్లెపువ్వు. దీని మీద పెన్సిలుతో నాలుగు ఈకలు గీసి ఇచ్చెయ్యండి, ఎలాగో సర్దుకుంటాను."

నీడ ఉండబట్టే తెలుపు తెలుస్తుందండీ అందామనుకున్నాను, కానీ ఆయనకి కావలసింది పాఠం కాదు, బియ్యం. బాబయ్య ఆయ్ అంటే చాలు. కొంగ శివకాశి వెళ్తుంది, కెమెరా బీరువాలోకి వెళ్తుంది, విజయకుమారి కళ్ళు పోతాయి. ముప్ఫయ్యేళ్ళ సూత్రం నిలబడిపోతుంది. బాబయ్య నీలం కొంగని చూసేరు, రెక్కల కొంగని చూసేరు. పెన్సిలు చెవి మీదే ఉంది.

తరవాత లోపలి గుమ్మం వైపు చూసేరు. అక్కడ పిన్ని వంటకి బియ్యం ఏరుకుంటోంది. తలుపు ఓరగా తీసుకుని, చేట ఒళ్ళో పెట్టుకుని, వెలుతురుకి కాస్త పక్కకి తిరిగి. ఈ ఇంట్లో రోజూ పదింటికి ఆవిడ అక్కడే, అలాగే కూర్చుంటుంది. ఆయన ఆవిడని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసేరు.

"ఏవే, నువ్వు బియ్యం ఎండలో పెట్టుకుని ఏరవే?"

"ఎండలో రాళ్ళేం కనపడతాయండీ" అంది పిన్ని, తలెత్తకుండా. "అంతా ఒకటే తెలుపు. వారగా వెలుతురు పడితే గింజ గింజకీ నీడొస్తుంది, ఏది గింజో ఏది రాయో తెలుస్తుంది. ఈ మాత్రం మీకు తెలీదా?"

బాబయ్య ఆ చేట తీసుకుని, రాజుగార్ని పెరట్లోకి తీసుకెళ్ళేరు. ఎండ వీపుకి తగిలేలా ఆయన్ని నిలబెట్టి, చూడండి అన్నేరు. తెల్లగా ఉన్నాయండి, గుడ్డ పరిచినట్టున్నాయండి అన్నేరు రాజుగారు. గింజలు కనపడుతున్నాయాండి? ఏవోనండి, కళ్ళు జిగేలుమంటున్నాయండి. మళ్ళీ లోపలికి తీసుకొచ్చి, పిన్ని కూర్చున్న చోటే, పిన్ని తిరిగినట్టే చేట పట్టుకున్నారు. ఓరతలుపు వెలుతురు బియ్యం మీంచి పాకింది. సన్నటి గింజలు, ఒక్కోటీ చెక్కినట్టు, ఒక్కోటీ తన నీడ తను వేసుకుని. వాటి మధ్య రెండు రాళ్ళు, ఒక వడ్లగింజ, చక్కగా కూర్చునున్నాయి.

"ఇవెక్కడి బియ్యమమ్మా?" అనడిగేరు రాజుగారు.

"మీ కొంగమార్కేనండి" అంది పిన్ని.

రాజుగారు ఆ రెండు రాళ్ళనీ స్వయంగా ఏరి జేబులో వేసుకున్నారు.

"ఈ చేట కాస్త వెలుతురులోంచి తీసెయ్యండమ్మా" అని, నా ఫొటో చేతిలోకి తీసుకున్నారు. "అమ్మాయి తీసిందే ఇచ్చెయ్యండి జీవరత్నం గారూ. గింజ గింజా కనపడ్డట్టుంది, అదే నయం. రాళ్ళు మాత్రం మావి కావండి, అవి గోనెసంచివండి."

అంబాసిడరు సందు తిరిగేదాకా మేం నవ్వు ఆపుకున్నాం. తరవాత పిన్ని ముందు మొదలెట్టింది, నేను బల్ల పట్టుకున్నాను. బాబయ్య నవ్వలేదు, ఫొటో ఫ్రేములు కట్టే బల్ల దగ్గరికి వెళ్ళేరు. కెమెరా తోలు బెల్టు ఆయన పొట్టకి సరిపడా ఉంటుంది, నా మెళ్ళో వేస్తే మోకాళ్ళకి తగులుతుంది. దాన్ని నా భుజం మీంచి వేసి, వేలితో గుర్తుపెట్టుకుని, తీసి, మేకూ సుత్తీ పెట్టి ఆ చోట కొత్తగా చిల్లు పొడిచేరు. తోలు పాతది, గట్టిది. మూడు దెబ్బలు పట్టింది.

బకిలీ బిగించి, కెమెరా నా గుండెల మీద సర్ది, వెనక్కి జరిగి చూసుకున్నారు.

"విజయకుమారి పెళ్ళి పొద్దున్నా, సాయంత్రమా?"

"పొద్దున తొమ్మిదింటికండి."

"చర్చి గుమ్మం ఎటుంది? తొమ్మిదింటికి మెట్ల మీద ఎండ ఎటునించి పడుద్ది?"

ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నాను, ఎటుందో తట్టలేదు. బాబయ్యకీ తట్టలేదు, ఆయన ఎప్పుడూ ఎండని చూసుకునేవారు గాని గుమ్మాన్ని చూడలేదు. పిన్నిని అడిగితే మీ ఇద్దరి కన్నా ఆ ఎద్దు నయం అంది.

సైకిలు తీసుకుని బయల్దేరేను. అన్నం తిని వెళ్ళమని పిన్ని, ఎండ దిగేక వెళ్ళమని బాబయ్య. ఎవరాగుతారు. కెమెరాలో ఫిల్మ్ లేదు. ప్రతి గతుక్కీ అది గుండెల మీద ఎగిరి పడుతోంది, నేను బెల్లు కొట్టుకుంటూ బజార్లో అడ్డొచ్చిన ప్రతి ఒక్కరినీ ఎడమపక్కకి తిరగండి, ఎడమపక్కకి తిరగండి అంటూ వెళ్ళేను, కొంతమంది నిజంగానే తిరిగి, ఆగి, జుట్టు సర్దుకున్నారు. చర్చి దగ్గరికి చేరేటప్పటికి సరిగ్గా పన్నెండు. సూర్యుడు నడినెత్తిన. మెట్ల మీద నా నీడ నా కాళ్ళ కిందే ముద్దగా పడుంది, ఏ దిక్కూ చెప్పట్లేదు. అయినా మెట్టు మెట్టు మీదా ఒకసారి నిలబడి, మూత తీసి, కెమెరాలోకి తల వంచి, ఏవీ లేని గుమ్మాన్ని పన్నెండుసార్లు నొక్కేను.